ఆల్పకా పోస్టర్ చూసి వెళ్ళిన, పశువుల్ని పట్టుకోవడం నేర్పే రెండ్రోజుల క్లాసు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నానండి, అక్కడ ఆల్పకాలు (ఉన్ని కోసం పెంచే, ఒంటెల జాతి జంతువులు) లేవు. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. పోస్టర్ మీద తెల్లటి ఉన్నితో, ఇంతింత కళ్ళేసుకుని నవ్వుతున్నట్టు ఉంటుంది చూడండి, అది బొమ్మే. మావాడు ఎనిమిదో క్లాసు, రావులపాలెం నుంచి కారులో దారి పొడుగునా దాంతో సెల్ఫీ ఎలా దిగాలో ప్లాన్లు వేసుకుంటూ వచ్చాడు, గేటు దగ్గర దిగి తోటంతా ఓ పది నిమిషాలు వెతికి వచ్చి "నాన్నా, ఆ ఒంటె మేక ఏదీ" అన్నాడు. అక్కడున్నవి ఏడు పుంగనూరు ఆవులు, ఓ పదిహేను మేకలు, రెండు కుక్కలు, బోదెలో బాతులు. అందుకే ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. ఆ పోస్టరూ, రెండో రోజు మధ్యాహ్నం జరిగిన ఇంకో తంతూ లేకపోతే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. ఎందుకో చెప్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

మాకు ఏటిగట్టు దిగువున డెబ్బై సెంట్ల కొబ్బరితోట ఉంది. నాన్నగారు పోయాక గొడ్లు తీసేశాం, పశువుల పాకలో షాపు సరుకు పెట్టుకునేవాణ్ణి (నాది టైల్స్ షాపు). 2024 సంక్రాంతికి మోదీ గారు ఢిల్లీలో ఇంట్లో పుంగనూరు ఆవులకి గడ్డి తినిపిస్తున్న ఫొటోలు వచ్చాయి కదా, అప్పట్నుంచి మా ఆవిడకీ మావాడికీ అదే కలవరింత. మొత్తానికి పోయిన కార్తీకంలో ఓ ఆవునీ దాని పెయ్యదూడనీ తెచ్చాం. అమ్మినవాడు వ్యాన్లోంచి దింపి, తోటలో వదిలి, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు. అంతే, ఆ తర్వాత నెలన్నర దాన్ని ముట్టుకున్న మనిషి లేడు. ఎత్తు నా నడుం దాకా రాదు, చూస్తే ముద్దొస్తుంది, తీరా పట్టుకుందామని వెళ్తే కొబ్బరిచెట్ల మధ్యలోంచి కొర్రమీనులా జారిపోతుంది. గాలికుంటు టీకా వేయడానికి పశువుల ఆసుపత్రి నుంచి మనిషి వస్తే నేనూ, మావాడూ, దింపు తీసే కుర్రాళ్ళు ఇద్దరూ కలిసి గంటసేపు తరిమాం, ఆయన కాసేపు చూసి "మీరు పట్టుకుని ఫోన్ చెయ్యండి సార్" అని బండెక్కేశాడు. మా అమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసింది. ఆవిడకి 76. "మూడడుగుల ఆవుకి నలుగురు మగాళ్ళా" అంది. ఆ మాట పడలేకే క్లాసుకి డబ్బులు కట్టాను.

మనిషికి 2,500, రెండు పూటల భోజనం, టీలు అందులోనే. క్లాసుకెళ్తున్నామంటే మా అమ్మ "ఆవుని పట్టుకోడానికి క్లాసేంట్రా, రేపు ముక్కు చీదడానికి కూడా కడతావా" అని, పొద్దున్నే అందరికన్నా ముందు కారెక్కి కూర్చుంది. ఆవిడకి ఫీజు తీసుకోలేదు, అది ఒక మంచి పని చేశారు.

క్లాసు చెప్పేది ఒకాయన, అందరూ మాస్టారు అంటున్నారు, నేనూ అలాగే రాస్తాను. ఈ చుట్టుపక్కల మనిషే, న్యూజిలాండ్‌లో ఓ చిన్న ఆల్పకా ఫార్మ్‌లో ఐదేళ్ళు పనిచేసి వచ్చి అత్తగారి తోటలో ఇది పెట్టుకున్నారు. మొదటి గంట మొత్తం ఆల్పకాలే. లేని జంతువు గోల మనకెందుకురా బాబూ అని నాకు విసుగొచ్చిన మాట నిజం. మా బ్యాచ్‌లో భీమవరం నుంచి రొయ్యల చెరువులాయన ఒకరు వచ్చారు, ఆయన సూటిగా అడిగేశారు, ఎంతవుద్దండి జత తెచ్చుకోవాలంటే అని. మాస్టారు రేటు చెప్పలేదు, బోర్డు మీద ఒక కూడిక వేశారు. ఆల్పకాలు పెంచేవాళ్ళకి ఒక మోటు లెక్క ఉందట, ఆ రోజు ఎండ ఫారెన్‌హీట్‌లో ఎంతో చూసి, దానికి గాలిలో తేమ శాతం కలపాలి, మొత్తం 120 లోపుంటే దానికి హాయి, 150 దాటితే కనిపెట్టుకుని ఉండాలి, 180 దగ్గరకొస్తే ప్రాణం మీదకే. "ఇప్పుడు మన మే నెల చెప్పండి" అన్నారు. 98 డిగ్రీలు, తేమ 70, మొత్తం 168, అదీ మామూలు రోజున. వాన పడబోయే ముందు ఉక్క ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు కదా. పెరూ, బొలీవియా కొండల్లో మూడున్నర నాలుగువేల మీటర్ల ఎత్తున చలిగాలిలో బతికే జీవాన్ని, ఒంటినిండా ఉన్నితో తెచ్చి మన అంతర్వేది పక్కన కట్టేస్తే ఇంకేముంది. రొయ్యలాయన ఊరుకోలేదు, "ఏసీ షెడ్డేస్తేనో?" అన్నారు. "వెయ్యండి, వేసి మీరు పడుకోండి, దాన్ని కొండ మీదే ఉండనివ్వండి" అన్నారు మాస్టారు. ఆ ఒక్క జవాబుతో ఆ మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

మరి పోస్టర్ మీద ఎందుకేశారండీ అని భోజనాల దగ్గర నేను అడిగాను. "పుంగనూరు అని వేస్తే మా ఇంట్లో ఉందిలే మాకేం నేర్పుతారు అని ఒక్కళ్ళూ రారండి" అన్నారు. నిజమే చెప్పారనుకోండి, అయినా తప్పు తప్పే. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారు, అందరి పిల్లలూ మొహాలు వేలాడేసుకున్నారు. పోస్టర్ కింద చిన్న అక్షరాల్లో "ఇక్కడ ఆల్పకాలు ఉండవు" అని ఒక్క ముక్క వేస్తే సరిపోయేది.

సరే, అసలు సంగతికొస్తాను. ఈ క్లాసులో నాకు బాగా పనికొచ్చినవి మూడు నాలుగే, అవి మాత్రం డబ్బుకి రెట్టింపు.

ఒకటి ముక్కు సంగతి. ఓ గోనెసంచి తలకాయ తెచ్చారు. లోపల కొబ్బరిపీచు కూరి, మెడకి వెదురుకర్ర పెట్టి, కళ్ళ దగ్గర్నుంచి ముక్కు సగం దాకా లోపల కొబ్బరిచిప్ప పెట్టి కుట్టారు, ఆ కిందంతా ఉత్త పీచే, మెత్తగా. "ముందు ఎవరి ముక్కు వాళ్ళు పట్టుకోండి" అన్నారు. ముప్పై మందిమీ ముక్కులు పట్టుకుని కూర్చున్నాం, బయటివాళ్ళు ఎవరైనా చూస్తే ప్రాణాయామం అనుకుంటారు. పైన ఎముక తగులుతుంది, కిందకి జరిపితే మెత్తగా నొక్కుకుపోతుంది కదా, ఆల్పకాకీ అంతే. అది గాలి ఎక్కువగా ముక్కుతోనే పీలుస్తుందట. తలకి వేసే హాల్టర్ పట్టీ కళ్ళకి కాస్త కింద ఎముక మీద నిలవాలి, జారి మెత్తటి చోటికి వచ్చిందంటే ఊపిరి ఆడదు, భయపడి గింజుకుంటుంది, మనం దానికి పొగరనుకుని ఇంకా గట్టిగా లాగుతాం. అలా నాలుగుసార్లు జరిగితే ఇక హాల్టర్ చూస్తేనే పారిపోతుంది. తర్వాత ఒక్కొక్కళ్ళనీ పిలిచి ఆ గోనె తలకి హాల్టర్ వేయించారు. నేను వేస్తే తాడు లాగగానే పట్టీ జారి మెత్తటి పీచు మీదకొచ్చేసింది. "ఇదిగోండి, మీ ఆల్పకా పోయింది" అన్నారు. మా అమ్మ వచ్చి, ఎవరూ చెప్పకుండానే పైకి వేసి, బిగించి, రెండు వేళ్ళు దూర్చి చూసింది. ఎలా తెలుసమ్మా అంటే "దూడకి మూతికి చిక్కం కట్టలేదా ఏంటి" అంది. ఆవుకి అంత ఇబ్బంది ఉండదు గానీ మన దగ్గర ఎంతమంది నైలాన్ తాడు మూతి మీదకి బిగించేసి ఈడుస్తారో ఇప్పుడు రోడ్డు మీద వెళ్తుంటే అదే కనిపిస్తోంది నాకు.

రెండోది నా చెయ్యి. ఇది నా తప్పే, వాళ్ళ మీద పెట్టను. తాడు చేతికి చుట్టుకోవద్దు, మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకోండి అని మాస్టారు రెండుసార్లు చెప్పారు. నేను ఓ పెయ్యని పట్టుకున్న ఆనందంలో పలుపు రెండు చుట్లు చేతికి చుట్టేసి ఫొటో తియ్యరా అని మావాడికి చెప్పాను. బాతులు రెక్కలు కొట్టుకుంటూ లేచాయి, పెయ్య ఒక్క ఉదుటున పరుగు, వెనకాల నేను. పుంగనూరు ఆవంటే చిన్నది కదా అనుకుంటాం, మీద పడితే తెలుస్తుంది, 115 నుంచి 200 కిలోల దాకా ఉంటాయి పెద్దవి, ఇది దూడే అయినా నాకన్నా బరువు. మూడు గజాలు ఈడ్చి బోదెలో పడేసింది. అరచెయ్యి అడ్డంగా కాలినట్టు కమిలిపోయింది, బురదలో చెప్పొకటి పోయింది. వాళ్ళు వెంటనే కడిగి మందు రాసి కట్టుకట్టారు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా నిజంగానే ఉంది, అందులో మందులు డేటు దాటినవి కావు, అది కూడా చూశాను నేను. ఆ ఫొటో మాత్రం మావాడు కరెక్టుగా తీశాడు.

ఇక మూడోది, అన్నిట్లోకీ గొప్పది, తరమకుండా పట్టుకోవడం. ఆల్పకాలు మంద జీవాలు, ఒక్కదాన్ని విడదీసి తరిమితే పిచ్చెత్తిపోతుందట, అందుకని అక్కడ ఎప్పుడూ రెండు మూడింటిని కలిపి నెమ్మదిగా ఓ మూల చిన్న దడిలోకి తోలుతారు, అక్కడ తీరిగ్గా పని చేసుకుంటారు. మాస్టారు అదే ఇక్కడ కట్టారు. సరుగుడు బాదులతో మూడు మీటర్లు ఇటు, మూడు మీటర్లు అటు, ఓ తలుపు, తలుపు నుంచి రెండు వైపులా గరాటులా కొబ్బరాకు దడి. అంతకన్నా ఏం లేదు. మా పక్కూళ్ళో ఒకాయన రొయ్యల చెరువు పాత వలలు కట్టాడు దడికి, అది వద్దన్నారు, కొమ్ము ఇరుక్కుంటే అదే ఉరితాడు అవుతుందట.

దాన్ని తోలడం చూడాలండి. చేతిలో రెండు పొడుగాటి వెదురు గెడలు, కొట్టడానికి కాదు, చెయ్యి పొడుగు చేసుకోవడానికి. ఆవు జబ్బ దగ్గర అడ్డంగా ఒక గీత ఉన్నట్టు అనుకోమన్నారు. ఆ గీతకి వెనకాల మనం ఒక అడుగు వేస్తే అది ముందుకి కదులుతుంది, గీత దాటి ముందుకొస్తే ఆగుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. సరిగ్గా తోక వెనకాల నిలబడితే దానికి మనం కనపడం, అందుకే బెదిరి కాలు విసురుతుంది, మిగతా చుట్టూ దానికి కనిపిస్తూనే ఉంటుంది. నన్ను రమ్మన్నారు. నేను అలవాటు ప్రకారం హే హే అంటూ చేతులూపుకుంటూ వెళ్ళాను. "నోరు మూసుకోండి సార్" అన్నారు, మర్యాదగానే అన్నారనుకోండి. రెండోసారి మాట్లాడకుండా వెళ్ళాను. ఓ పన్నెండు అడుగుల దూరంలో ఆవు తలెత్తి చెవులు నా వైపు తిప్పింది. "అక్కడ ఆగండి, అదే దాని గుమ్మం" అన్నారు. ఆగాను. దవడ ఆడించడం ఆపేసింది. నేను అర అడుగు వెనక్కి వేశాను. మళ్ళీ నెమరు మొదలెట్టింది. అలా ముందుకి ఒకటి, వెనక్కి అర, ఓ పావుగంట పట్టింది, చివరికి నా చెయ్యి దాని జబ్బ మీద ఉంది, అది నన్ను పట్టించుకోవడం మానేసి ఎటో చూస్తోంది. నెలన్నర మా ఇంట్లో జరగనిది పావుగంటలో జరిగింది. రొయ్యలాయన చప్పట్లు కొట్టి చెడగొట్టాడు.

ఇంకొకటి అందరికీ చెప్పాలి. తలమీద చెయ్యి వెయ్యకండి. ఆల్పకాలకి తల నిమిరితే అస్సలు పడదట, మెడ మొదట్లోనో జబ్బ మీదో వెయ్యాలట. మన కోడెదూడల సంగతి ఇంకా ముఖ్యం. ముద్దొస్తోంది కదా అని నుదురు తోముతుంటే అది తలతో నెట్టడం ఆటనుకుంటుంది, ఏడాదిన్నర పోయాక అదే ఆట కొమ్ములతో ఆడుతుంది. ఆల్పకాల్లో తల్లి లేని మగపిల్లని ఒంటరిగా సీసాపాలతో పెంచి ఇంట్లో తిప్పుకుంటే పెద్దయ్యాక మనిషిని కూడా తనలాంటి ఇంకో మగ ఆల్పకా అనుకుని మీదపడి కరుస్తుందట, అలా పాడైనదాన్ని మళ్ళీ దారికి తేవడం దాదాపు అవ్వదట. సోఫా మీద పుంగనూరు కోడెదూడని కూర్చోబెట్టి రీల్స్ చేస్తున్నవాళ్ళందరూ ఇది వినాలని నా కోరిక. మా అమ్మ ఇక్కడ మాత్రం గట్టిగా తలూపింది, "మా అత్తగారు అదే అనేది, కోడెదూడ నుదురు ముట్టుకుంటే చెయ్యి విరుగుద్దని" అంది. మేం చిన్నప్పుడు అదేదో మూఢనమ్మకం అనుకున్నాం.

అమ్మకీ మాస్టారికీ గొడవ తోక దగ్గర వచ్చింది. ఆవు కదలకపోతే తోక మెలిపెట్టాలి అంటుంది ఆవిడ. అలా చేస్తే తన్నడం నేర్పినట్టే అంటారు ఆయన. "నలభై ఏళ్ళు అలాగే తోలాను బాబూ" అంది. "అమ్మగారూ, మీ మోకాలి దగ్గర ఆ మచ్చేంటండి" అన్నారు. ఆవిడ చీర కిందకి లాక్కుని నవ్వేసింది. మా గొడ్లలో నందిగాడు తన్నాడట 1979లో, ఆ కథ మేం వంద సార్లు విన్నాం.

కానీ పాల దగ్గర మాస్టారు తేలిపోయారు. ఈనిన పదిహేను రోజుల ఆవు, ముందరకాళ్ళ మధ్య తల పెట్టుకుని నిలబడింది, ఆయన ఎంత పిండినా చుక్క రాదు, ఆవు చేపట్లేదు (పొదుగులోకి పాలు దించట్లేదు). చుట్టూ ముప్పైమంది, సెల్ ఫోన్లు, ఎలా చేపుతుంది చెప్పండి. ఆయన "పాల సంగతి మా ఆవిడే చూస్తుంది" అని ఒప్పేసుకున్నారు. న్యాయమే, ఆల్పకాల్ని ఎవరూ పాలు పిండరు కదా, అక్కడ నేర్చుకునే వీలెక్కడిది. మా అమ్మ లేచి, అందర్నీ దూరంగా పొమ్మని, దూడని ఒదిలి రెండు నిమిషాలు కుడవనిచ్చి, పక్కకి కట్టి దాన్ని తల్లి నాకేలా పెట్టి, పొదుగు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఏదో గొణుగుతూ కూర్చుంది. రొమ్ముల్లోకి పాలు దిగడం నేను దూరం నుంచి కూడా చూశాను. చెంబులో పడిన మొదటి ధార చప్పుడుకి మాస్టారి మొహం చూడాలి. ఆ క్లాసులో పాలు పిండడం నేర్పుతారని మాత్రం ఆశ పెట్టుకోకండి, ఆ ముక్క బ్రోచర్లోంచి తీసేస్తే మంచిది.

నట్టల మందు పట్టడం బాగా చెప్పారు. మేకకైనా ఆవుకైనా తల ఆకాశంలోకి ఎత్తేసి, నాలుక బయటికి లాగి గొట్టంతో గడగడా పోసేస్తుంటాం కదా మనం, అది కడుపులోకి పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి పోతుందట, తర్వాత దగ్గుతో చస్తే మందు పడలేదు అనుకుంటాం. మూతి కాస్తే ఎత్తి, నోటి పక్క పళ్ళు లేని సందులోంచి పెట్టి, మింగుతుంటే కొంచెం కొంచెం పొయ్యాలి. మన కాలవ గట్ల గడ్డి మేసే గొడ్లకి ఇది తప్పదు, నత్తల వల్ల వచ్చే కార్జపు జలగ మన డెల్టాలో ఉన్నదే. ఆల్పకాలకి కూడా ఆ జలగ పడుతుందట, తడి నేలల్లో పెంచేవాళ్ళు అందుకే భయపడతారట. మేకల గిట్టలు కోయడం కూడా చూపించారు గానీ అది హడావిడిగా అయిపోయింది, ముప్పైమందికి రెండే కత్తెరలు.

అవును, ఆ ముప్పై సంగతి. బుక్ చేసేటప్పుడు బ్యాచ్‌కి పన్నెండు మందే అన్నారు. మేం వెళ్ళేసరికి ముప్పై ఇద్దరు. ఒకటే బాత్రూం. ఆడవాళ్ళు చాలా ఇబ్బంది పడ్డారు, అది అసలు క్షమించకూడదు.

రెండో రోజు మధ్యాహ్నం తంతు ఏంటంటే, భోజనం అయ్యాక (పనసపొట్టు కూర బాగుంది, సాంబారు నీళ్ళు) "ఒక చిన్న సెషన్" అని కూర్చోబెట్టి ఎవరో బయటి మనిషి వచ్చాడు. గంటన్నర. మూడడుగుల పుంగనూరు కాదు, ఇంకా చిన్నవి, రెండున్నర అడుగులవి, ఇంట్లో పెంచుకోవచ్చు, ఇంత, అంత అని లక్షల్లో రేట్లు, దానికి తోడు ఏదో పొడి, అది తింటే పాలు రెట్టింపట. పుంగనూరు ఆవు పూట పూటా కలిపి మూడు నుంచి ఐదు లీటర్లు ఇస్తే గొప్ప, ఎక్కువ వెన్న ఉంటుందని పేరు గానీ పాలవ్యాపారం చేసే జాతి కాదు అది, ఆ మాట అంతకుముందు గంట మాస్టారే చెప్పారు. పలమనేరులో పశుపరిశోధన కేంద్రం ఉంది, ఈ జాతిని కాపాడటానికి పనిచేస్తారు అక్కడ, కొనదల్చుకున్నవాళ్ళు జాతి లక్షణాలు అలాంటి చోట చూసి కొనుక్కోండి అని కూడా ఆయనే అన్నారు. అన్నీ చెప్పి మళ్ళీ ఈ మనిషిని మా నెత్తిన కూర్చోబెట్టడం ఏంటో. మాస్టారు ఆ గంటన్నరా మేకల పాక వైపు వెళ్ళిపోయారు, ఆయనకీ నచ్చలేదనుకుంటా, ఖర్చులకి తప్పక ఒప్పుకుని ఉంటారు. మీరు వెళ్తే ఆ టైముకి కాలవగట్టు మీద తిరిగి రండి.

ఆఖరి గంట ముడులు. నేను లేచి వచ్చేద్దామనుకున్నాను, చెయ్యి మండుతోంది, మావాడు ఆకలంటున్నాడు. మా అమ్మే కదలనియ్యలేదు. తాడు రాటకి చుట్టి, కొసని అలాగే దూర్చెయ్యకుండా మడతపెట్టి ఆ మడతని దూర్చి బిగిస్తారు. ఆవు ఎంత లాగినా బిగుసుకుంటుందే గానీ ఊడదు, మనం కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. కట్టేది దాని కంటి ఎత్తులో కట్టాలి, మూర కన్నా పొడుగు ఒదలకూడదు, లేకపోతే కాలు మెలిపడుతుంది. గుర్రాలకీ ఆల్పకాలకీ అక్కడ అందరూ ఇదే వేస్తారట. మాస్టారు మామూలుగా చెప్పుకుంటూ పోతున్నారు. మా అమ్మ మూడోసారి కూడా చూపించమంది. నాలుగోసారి ఆవిడే కట్టింది, లాగింది, ఊడింది, మళ్ళీ కట్టింది.

ఎందుకో నాకు కారులో చెప్పింది. 1986 ఆగస్టు వరదకి మాకు తొమ్మిది గొడ్లు. అర్ధరాత్రి నీళ్ళు పాకలోకి వచ్చేశాయి, తలుగులు తడిసి ముడులు రాయిలా బిగిసిపోయాయి, కొడవలి కనపడలేదు. నాన్నగారు పళ్ళతో కొరికారట. ఏడింటిని ఏటిగట్టు ఎక్కించారు. మిగతా రెండింటి సంగతి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. 1996 నవంబరు తుపానుకి మాత్రం సాయంత్రం నుంచే అన్నింటికీ తాళ్ళు కోసి వదిలేశారు, అది నాకు గుర్తే, ఆవిడ కొడవలి పట్టుకుని పాకలోకి వెళ్ళడం.

ఇంటికొచ్చాక నేను కూడా సరుగుడు బాదులతో చిన్న దడి కట్టాను, ఖర్చు నాలుగువేల చిల్లర. ఆవుని దడిలోకి తోలడానికి మొదటి రోజు గంట, తర్వాత రోజు అరగంట, తొమ్మిదో రోజుకి తవుడు తట్ట చూసి అదే వచ్చేస్తోంది. హాల్టర్ వేయడం పద్నాలుగో రోజుకి కుదిరింది. టీకా మనిషికి ఫోన్ చేశాను, ఆయన నమ్మలేదు, వచ్చి రెండింటికీ వేసి వెళ్ళడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కాలు కుంటినప్పుడో జ్వరం వచ్చినప్పుడో 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ ఇంటికే వస్తుంది గానీ, వాళ్ళొచ్చేసరికి ఆవు మన చేతిలో ఉండాలి కదా, వాళ్ళు కూడా తరమలేరు.

వెళ్ళేవాళ్ళకి: చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. నైలాన్ తాడు కాకుండా మీ ఇంట్లో వాడే పలుపే పట్టుకెళ్ళండి, దాంతోనే నేర్పమనండి. బ్యాచ్ ఎంతమందో డబ్బు కట్టే ముందు రాతలో తీసుకోండి. చలికాలంలోనే వెళ్ళండి, వేసవిలో ఆ రేకుల షెడ్డు కింద మనమే ఆల్పకాలం అయిపోతాం. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. సర్టిఫికెట్ వాట్సాప్‌లో పంపుతామన్నారు, నెల దాటింది, రాలేదు, గుడ్ మార్నింగులు మాత్రం రోజుకి పదిహేను వస్తున్నాయి.

మొన్న పొద్దున్న పాకలోకి వెళ్తే ఆవు కట్టూ, దూడ కట్టూ, ఆఖరికి సైకిల్ కట్టిన తాడూ, నా టైల్స్ మీద కప్పిన టార్పాలిన్ తాడూ అన్నీ ఆ ముడే వేసి ఉన్నాయి. అమ్మని అడిగితే "చూసుకుంటున్నా, చీకట్లో కూడా వస్తోందో లేదో" అంది.